పలకల మధ్య ఇనుము

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు మా ఇంటి పైన ఎవరో నడిచేవారు. పడమటి గోడ దగ్గర ఒక టక్. కొంచెం ఆగి, ఇవతలగా ఇంకో టక్. అలా తూర్పు గోడ దాకా వచ్చి ఆగిపోయేది. పొద్దు వాలి గాలి చల్లబడేటప్పుడు అదే చప్పుడు వెనక్కి వెళ్లేది. పైన ఎవరూ లేరు. మేడ మీద ఒక పొడుగాటి రేకుల గది కట్టి వదిలేశాం, అది ఖాళీ. మెట్ల తలుపుకు తాళం, తాళంచెవి మా అత్త కొంగున.

అప్పటికి మా వాడికి బోర్లా పడటం వచ్చింది, పాకడం ఇంకా రాలేదు. ఏడుస్తున్నవాడు కాస్తా ఆ చప్పుడు వినగానే గొంతు ఆపేసేవాడు. పైకప్పులో రెండు పలకలు కలిసే చోట సన్నని గీత ఒకటి ఉంది, సరిగ్గా వాడి ఉయ్యాల పైన. వాడి కళ్లు ఆ గీత వెంబడే పోయేవి. పడమటి నుంచి తూర్పుకు, నెమ్మదిగా, నడిచే మనిషిని చూస్తున్నట్టే. చివరికి వెళ్లాక ఒక్కోసారి నవ్వేవాడు. 

"మిట్టమద్దేనం పిల్లోణ్ణి ఒంటిగా పండబెట్టొద్దంటి గదా," అనేది మా అత్త. "వాళ్లు తిరిగే పొద్దు అది."

"ఎవరత్తా వాళ్లు?"

"పేరు పేరునా పిల్చి చెప్పమంటావా ఏంది? కాలేజీ చదివినావు, ఆమాత్రం తెల్దా?"

అని ఉయ్యాల కింద పాత చీపురు ఒకటి అడ్డం పెట్టి, తలవైపు వేపరెమ్మ గుచ్చేది. దర్గాలో మంత్రించిన దారం తెచ్చి వాడి మొలకు కట్టింది. నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. ఎండకు వస్తువులు పెరుగుతాయని, చలికి కుంచించుకుంటాయని నాకు తెలుసు. అది తెలిసినందువల్ల భయం తగ్గలేదు. పెరిగేది ఏది, అది దేన్ని నెడుతోంది అన్న కొత్త భయం పాతదాని పక్కన చేరింది.

ఆ పైకప్పు ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఊరు బనగానపల్లెకు దగ్గర. చుట్టూ నాపరాయి గనులు. ఇక్కడ మిద్దె అంటే బండల మిద్దె. దూలాల మీద నాపరాతి బండలు పక్కపక్కనే పరిచి, సందుల్లో రాతిముక్కలు బిగించి, బెల్లపు నీళ్లతో కలిపిన సున్నం పూస్తారు. మా మామ ఆ పని చేసే బేల్దారి. ఊళ్లో సగం ఇళ్ల నెత్తిన ఆయన చేతి బండలే ఉన్నాయి. మా ఇంటి దూలాలు పుచ్చిపోయినప్పుడు, మళ్లీ బండలే వేద్దామని మామ అన్నాడు. మేడ వేసుకోవాలంటే రెడీమేడ్ స్లాబే మేలని మా ఆయన అన్నాడు. ఆయన తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఇద్దరూ నెల రోజులు మాట్లాడుకోలేదు. చివరికి కర్నూలు దారిలోని ఒక యార్డు నుంచి సిమెంటు పలకలు లారీలో వచ్చాయి. నిలువెత్తు కంటే పొడుగు, మంచమంత వెడల్పు. క్రేను వాటిని ఒక్కొక్కటే ఎత్తి గోడల మీద పక్కపక్కన పెట్టింది.

నాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఎదురింటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. పలకలతో వచ్చిన సూపర్‌వైజరు కుర్రవాడు, ఇంజనీరింగు చదివినవాడు, ఒక్కో సందులో ఒక్కో ఇనుప కమ్మీ పెట్టుకుంటూ పోయాడు. ఒక కొస కొక్కెంలా వంచి ఉంది. ఆ వంపును గోడల నెత్తిన చుట్టూ పోసిన సిమెంటు బెల్టులోని కమ్మీలకు తగిలించాడు. రెండో కొస మధ్యగోడ దాటి అవతలి గది సందులోకి పోయింది. సాయంత్రం దిగి వచ్చి మా మామకు చెప్పాడు, తెల్లారి సందులు తడిపి గ్రౌటు, అంటే జారుగా కలిపిన సిమెంటు, పొయ్యాలని. అర్థం కావడానికి రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి ఒకదాన్ని కిందికి నొక్కి చూపించాడు. తర్వాత వేళ్లలో వేళ్లు పెనవేసి మళ్లీ నొక్కాడు.

"ఇట్లుంటే దేనికదే పెద్దాయనా. ఇట్ల పట్టుకుంటే అన్నీ ఒకటే స్లాబు."

"మంత్రం బాగుండాది లేప్పా," అన్నాడు మామ. "నీకు మీసం రాకముందు నుంచి మిద్దెలేస్తాండా. పొయ్యి రా."

మరుసటి రోజు తెల్లవారుజామునే మా అన్న కారు తెచ్చి నన్ను కడపకు, పుట్టింటికి తీసుకెళ్లాడు. గ్రౌటు పోయడం నేను చూడలేదు. బిడ్డతో తిరిగి వచ్చేసరికి పైకప్పుకు తెల్లగా సున్నం కొట్టి ఉంది, కింద నాపరాతి గచ్చు మెరుస్తోంది. చలికాలం కాబట్టి ఇల్లు నోరు మూసుకునే ఉంది.

శివరాత్రి దాటి ఎండ ముదిరాక చప్పుడు మొదలైంది. తర్వాత పొడి. పొద్దున గచ్చు తుడిస్తే సాయంత్రానికి తెల్లని గీత ఒకటి, ముగ్గుపిండితో చెయ్యి తిరిగిన మనిషి లాగినంత నేరుగా, గోడ నుంచి గోడకు పడి ఉండేది. తుడిచేదాన్ని. మర్నాడు అక్కడే, అంతే నేరుగా. ఒకరోజు వంటగదిలోంచి వచ్చి చూస్తే ఆ గీత మా వాడి నుదుటి మీదుగా పోతోంది. విభూతి పెట్టినట్టు అడ్డంగా. వాడు నిద్రపోతున్నాడు. మా అత్త చూసి రెండు చేతులూ జోడించింది.

"దేవుడే పెట్టినాడు చూడు!"

"దేవుడు సున్నం పెడతాడా అత్తా?" అని తుడిచేశాను. 

మా ఆయన ఫోనులో, "కొత్తిల్లు గదా, సున్నం రాలుతాందిలే. నువ్వు రాత్రులు నిద్రపోతాండావా లేదా?" అన్నాడు. అందరికీ అదే సందేహం. బాలింత భయం అంటారు, అదొకటి ఉందని నేనూ చదివాను. నాకున్నది అదేనేమో అని నేనే అనుకోవడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం పిల్లవాడి పక్కన కునుకు పట్టింది. మెలకువ వచ్చి కళ్లు తెరిస్తే, ఉయ్యాలకు అవతల, నా కాళ్ల దగ్గర, స్టూలు మీద మామ నిలబడి ఉన్నాడు. కుడిచేతి అరచెయ్యి పైకెత్తి గీత మీద ఆనించి ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాడు. జ్వరం చూస్తున్నట్టు ఉంది ఆ వాలకం. టక్. ఆయన భుజం ఉలిక్కిపడింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను ఊపిరి బిగబట్టి పడుకునే ఉన్నాను. ఎంతసేపో. చివరికి కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"బల్లి చప్పుడుమా," అన్నాడు. స్టూలు దిగి వెళ్లిపోయాడు.

ఆ వారమే శనగలు నూర్పిడి అయ్యాయి. ధర పడిపోయిందని, పెరిగేదాకా మేడ మీద గదిలో వేద్దామని అత్త అంది. మామ కిందే కొట్టంలో వేద్దామన్నాడు. "ఎలకలకు ఎవురు పెడతారు అంతంత? మేడ కట్టింది ఊరికే ఎండబెట్టను గాదు," అని అత్త హమాలీలకు తాళం తీసిచ్చింది. ఒక్కో మూట పైన ధబ్బున పడుతుంటే కింద నేను బిడ్డను ఎత్తుకుని వాకిట్లోనే ఉన్నాను. అందరూ వెళ్లాక మామ ఎక్కిన స్టూలు నేను ఎక్కాను.

గీత దగ్గర గోరు పెట్టి లాగితే మెట్టు తగిలింది. ఒక పలక అంచు పక్కదాని కంటే గోరు మందం కిందికి దిగి ఉంది. అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. దగ్గరి నుంచి చూస్తే, తెల్లని సున్నం మీద ఆ గీత పొడుగునా మట్టిచేతి మరకలు. ఒకదాని పక్కన ఒకటి, పడమటి గోడ నుంచి తూర్పు గోడ దాకా. నా మంచం పైన, బీరువా పైన, ఉయ్యాల పైన. నేను ఆయన్ను చూసింది ఒక్కసారే. ఇన్ని మరకలు ఎప్పుడు పడ్డాయి? మేం నిద్రపోతున్నప్పుడు ఆయన ఎన్ని మధ్యాహ్నాలు ఈ గదిలో చేతులు పైకెత్తుకుని నిలబడ్డాడు?

పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆయన్ను వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాను. చిక్కుడు పందిరి కింద బోర్లించిన బక్కెట మీద కూర్చుని తీగ పైకెక్కిస్తున్నాడు. పందిరి మీదికి నా చూపు అప్పుడే పోయింది. కడప నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచి దాని కిందే బట్టలు ఆరేస్తున్నాను. గుంజలు ఇనుప కమ్మీలు. అడ్డాలూ కమ్మీలే. ప్రతిదానికీ ఒక కొస ఒకే తీరుగా వంగి ఉంది, కొక్కెంలా. తీగలు ఆ వంపుల్లోకి వేలు దూర్చి పట్టుకున్నాయి.

"ఈ కమ్మీలు యాడివి మామా?"

"మిగిలినవిమా."

"వంపు తిరిగినవి ఎట్ల మిగుల్తాయి?"

 తీగ వదిలేశాడు. బిడ్డ ఆయన వైపు చేతులు చాపాడు, ఆయన ఎత్తుకోలేదు.

"సందులో ఇనుము పెట్టగూడదుమా," అన్నాడు చివరికి. "మా నాయన నాకు చెప్పిన మొదటి మాట అది. తేమ తగిల్తే ఇనుము ఉబ్బుతాది, రాయిని చీలుస్తాది. గనిలో బండ పగలాలంటే ఇనుప చీలలే గదా కొట్టేది? అట్లాంటిదాన్ని నా చేత్తో నేనే నా ఇంటి మిద్దెలో పెడతానా? నువ్వా, కడుపుతో ఉంటివి. ఆ ఇంజనీరు పిల్లోడు అట్ల పోతానే కమ్మీలన్నీ లాగేసి, మనం ఎప్పుడూ పోసే సున్నమే పోస్తి."

"అవి రాళ్లు కావు మామా."

"ఏమోమా. ముట్టుకుంటే రాయి మాదిరే ఉండాది."

"మరి ఆ చప్పుడు?"

ఆయన తలెత్తి మిద్దె వైపు చూశాడు. "నేనేసిన మిద్దెలు ఈ పక్క ఊర్లల్లో శానా ఉండాయి. ఒక్కటి గూడా నోరు తెరవలా. ఇదొక్కటే మాట్లాడతాంది. ఏం చెప్తాందో ఎంత పట్టి చూసినా నాకు అర్థం కాలా."

సూపర్‌వైజరును పిలుద్దామన్నాను. ఒప్పుకోలేదు. ఊరంతా తెలుస్తుంది, ఇన్నేళ్లుగా తాను వేసిన మిద్దెల కింద పడుకున్నవాళ్లందరూ లేచి పైకి చూస్తారు అన్నాడు. "పిల్లోణ్ణి ఆ గదిలోనుంచి తీసెయ్. నేను పండుకుంటా."

మర్నాడు మధ్యాహ్నం నిజంగానే మంచం గీత కిందికి లాక్కుని వెల్లకిలా పడుకున్నాడు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కళ్లు తెరిచి. పైన మూటలున్నాయి. పడమటి గోడ దగ్గర చప్పుడు మొదలైంది. మూటల బరువుకో ఏమో గొంతు మారింది, టక్ అన్నాక సన్నగా ఒక మూలుగు. అది నడిచి నడిచి ఆయన మీదికి వచ్చింది. ముఖం మీద పొడి రాలింది. ఆయన తుడుచుకోలేదు. గడప దగ్గర నిలబడి చూస్తుంటే, ఆయనే లోపల లేడనీ, పడుకున్నది ఇంకెవరో అనీ అనిపించింది.

"లెయ్యండి మామా."

"పడనీమా. నేనేసిందే గదా."

మా అత్త వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. "ముసిలోడా! నువ్వు పండుకున్నావని మిద్దె సిగ్గుపడి ఆగిపోతాదా? లేసి రా, సంగటి సల్లారిపోతాంది," అని అరిచింది. గొంతు గట్టిగానే ఉంది కానీ, నా జబ్బను పట్టుకున్న ఆమె చెయ్యి మంచులా ఉంది. ఆమె కూడా గడప దాటలేదు.

నేను మా ఆయనకు ఫోను చేసి, వస్తావా, బిడ్డను తీసుకుని కడప పోనా అని అడిగాను. ఆయన ఆ సాయంత్రమే వచ్చాడు. తండ్రితో ఒక్క మాటా అనలేదు. పైన ఒక పలక మీద హమాలీని నిలబెట్టి గెంతమన్నాడు. కింద స్టూలు ఎక్కి గీతకు చెరో పక్క చెరో వేలు ఆనించాడు.

"ఈ వేలి కింద కదుల్తాంది. ఈ వేలి కింద ఏమీ లేదు," అన్నాడు. కిందికి దిగి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "గనిలో అయితే ఈ చోటుకు తాడు కట్టేసి మనుషుల్ని పంపించేస్తాం."

మూటలు దించేశారు. రెండో రోజుకు సూపర్‌వైజరు వచ్చాడు. సందులో సుత్తి, ఉలి పెట్టగానే సున్నం పొడిపొడిగా లేచింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి, మామ వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు.

"ఇది కూలుతాదా?" అని అడిగాను.

"కూలుతాదని చెప్పలేనక్కా. కూలదనీ చెప్పలేను. ఏ పలకకు ఆ పలక గోడ మీద ఊరికే కూర్చోనుండాది. ఒకదాన్నొకటి పట్టుకోలేదు, గోడనూ పట్టుకోలేదు. ఎండకు జరుగుతాండాయి."

మేడ మీది నుంచి సందులన్నీ తవ్వించాడు. ఉయ్యాల మీది సందు శుభ్రం అయ్యాక అడుగున సన్నని వెలుతురు గీత కనిపించింది. నేను వంగి కన్ను ఆనించి చూశాను. కింద మా గది. గచ్చు, ఖాళీ ఉయ్యాల, గోడకు నా చీర. పైనుంచి చూస్తే అది మేం ఎప్పుడో వదిలేసి వెళ్లిన ఇల్లులా ఉంది. అంతలో మా అత్త, ఎవరూ రావద్దన్నా వినకుండా, పిల్లవాణ్ణి చంకనేసుకుని దేనికోసమో లోపలికి వచ్చింది. వాడు వెంటనే తల వెనక్కి వంచి పైకి చూశాడు. నేరుగా నా కంట్లోకి. నేను వాడికి ఎలా కనిపిస్తున్నానో, ఒక గీతలో ఒక కన్ను, వాడు భయపడలేదు. అలవాటైనదాన్ని చూసినట్టు నవ్వాడు.

"బయటికి పో అత్తా!" అని అరిచాను.

"ఏందే, పైనుంచి దయ్యం మాదిరి!" అని ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుని పరుగెత్తింది.

సూపర్‌వైజరు సందు అడుగున గోనెపీచు కూరి కింది వెలుతురును మూసేసి, నీళ్లు కొట్టాడు. గోడల మీద కొంచెం పగలగొట్టి బెల్టు కమ్మీలు బయటికి తీశాడు. పందిరి కమ్మీల నుంచి తుప్పు రాలుతోంది, అవి వద్దని కొత్తవి తెచ్చాడు. "పెద్దాయనా, ఆ కొస పట్టుకోండి," అన్నాడు. మామ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ కొస నేను పట్టుకున్నాను. ఎండలో ఉన్న కమ్మీ అరచేతిని చురుక్కుమనిపించింది. సిమెంటు బిళ్లల మీద దాన్ని ఎత్తి ఉంచి, అడుగుకూ అంచులకూ ఆనకుండా సందు నడుమ నిలిపాం. వంపును తగిలించి తీగతో కట్టాడు. గ్రౌటు పోస్తుంటే అది పాకుతూ వచ్చి కమ్మీని ముంచి, సందును అంచుల దాకా నింపేసింది.

గట్టిపడేదాకా రోజూ నేనే నీళ్లు పోశాను. మధ్యాహ్నాలు చప్పుడు లేదు. లేనిదాన్ని వినడం ఉన్నదాన్ని వినడం కంటే కష్టం. ఎండ నడినెత్తికి రాగానే నేను, మామ, ఇంట్లో ఎక్కడున్నా పని ఆపేసేవాళ్లం. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. ఉయ్యాలను వంటగదిలోకి మార్చాం. ఆ గదిలోకి మా ఇద్దరిలో ఎవరమూ పోలేదు.

గడువు అయ్యాక సూపర్‌వైజరు చూసుకోవడానికి వచ్చాడు. బాగుంది, వాడుకోవచ్చు అన్నాడు. మామ అతణ్ణి భోజనానికి ఉండమన్నాడు. ఆకు ఆ గదిలో, ఉయ్యాల ఉండే చోట వేయమన్నాడు నాతో.

"ఈడెందుకు పెద్దాయనా, వరండాలో గాలి వస్తాది గదా?"

"కూచోప్పా. ఎవురేసిన మిద్దె కింద వాళ్లే మొదట తినాల. మిద్దె కింద ఆనించిన గుంజలు తీసినాక నేను ప్రతి ఇంట్లోనూ అట్లనే తింటి. వాళ్లు గడపలో నిలబడుకోని చూసేవాళ్లు."

అతను నవ్వుతూ కూర్చున్నాడు, మర్యాదే అనుకున్నట్టుంది. నేను సంగటి, చిక్కుడుకాయ కూర వడ్డించాను. మామ గడప బయట నిలబడి పైకి చూసి కేకేశాడు. "ఎయ్యండప్పా!"

పైన మొదటి మూట ధబ్బున పడింది. సూపర్‌వైజరు చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. తలెత్తి చూశాడు. అప్పటికి అతనికి అర్థమైంది.

"తిను, సల్లారిపోతాది," అన్నాడు మామ.

రెండో మూట. మూడోది. ఆ కుర్రవాడి నుదుటి మీద చెమట పట్టింది కానీ లేవలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, చాలాసేపు నమిలాడు. మూటలు పడుతూనే ఉన్నాయి. నేను ఆకు మీదే చూస్తున్నాను, ఎక్కడైనా తెల్లని పొడి పడుతుందేమోనని. మామ చూపు మాత్రం గీత వెంబడే పడమటి నుంచి తూర్పుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆఖరి మూట పడ్డాక ఇల్లంతా నిశ్శబ్దం. ఎండ నడినెత్తిన ఉంది.

మామ కండువా తీసి భుజాన వేసుకుని గడప దాటాడు. ఆ కుర్రవాడి పక్కన, సరిగ్గా గీత కింద, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"నాకూ పెట్టుమా," అన్నాడు.

వడ్డించడానికి నాకు రెండు చేతులూ కావాలి. అత్త పైన హమాలీల దగ్గర ఉంది. చంకలో బిడ్డ. వాణ్ణి వరండాలో దించి రావచ్చు. ఒక్క క్షణం అటు చూశాను కూడా. తర్వాత గదిలోకి వెళ్లి, వాళ్లిద్దరి మధ్య ఆ చల్లని గచ్చు మీద వాణ్ణి దించి, ఆకు తేవడానికి వెళ్లాను.